తెలుగునాట కళాశాలల రకాలు, పుట్టుపూర్వోత్తరాలు: పరీక్షాధికారం దృష్ట్యా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

‘కళాశాల’ అనే ఒకే మాటతో మనం వ్యవహరించే సంస్థలు వేరువేరు కాలాల్లో, వేరువేరు అవసరాల నుంచి పుట్టినవి. ప్రభుత్వ, మిషనరీ, సంస్థాన, ప్రాచ్య, జాతీయ, ఎయిడెడ్, జూనియర్, వృత్తివిద్యా, స్వయంప్రతిపత్తి కళాశాలల పుట్టుకను వరుసగా పరిశీలించి, వాటి స్వభావాన్ని నిర్ణయించిన అంశం ఏమిటో తేల్చడం ఈ వ్యాసం ఉద్దేశం. స్థాపకుడు ఎవరన్న దానికన్నా పరీక్ష ఎవరి చేతిలో ఉందన్నదే కళాశాల స్వభావాన్నీ, అందులో తెలుగు స్థానాన్నీ ఎక్కువగా తీర్చిదిద్దిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కళాశాల, అనుబంధ విధానం, సంస్థాన కళాశాలలు, ప్రాచ్య కళాశాలలు, జాతీయ కళాశాల, జూనియర్ కళాశాల, స్వయంప్రతిపత్తి, పరీక్షాధికారం

1. ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్య చరిత్రలోనూ, కవుల జీవితచరిత్రల్లోనూ, సిద్ధాంత గ్రంథాల తొలి అధ్యాయాల్లోనూ ‘ఫలానా కళాశాలలో తెలుగు పండితులుగా పనిచేశారు’ అనే వాక్యం తరచుగా కనిపిస్తుంది. ఆ కళాశాల ఎటువంటిదన్న ప్రశ్న మాత్రం అరుదుగా ఎదురవుతుంది. విజయనగరం మహారాజా కళాశాలలో పనిచేయడం, విజయనగరం సంస్కృత కళాశాలలో పనిచేయడం ఒకటి కాదు. ఊరు ఒకటే, పోషకులు ఒకే వంశంవారు. అయినా ఆ రెండు చోట్లా బోధించిన విషయాలు వేరు, విద్యార్థులు వేరు, చదువు ముగిశాక వారికి తెరుచుకున్న దారులు వేరు.

ఒక కళాశాలను అర్థం చేసుకోవడానికి నాలుగు ప్రశ్నలు వేసుకోవచ్చు. దాన్ని ఎవరు స్థాపించారు? ఖర్చు ఎవరు భరించారు? ఏ భాషలో బోధించారు? విద్యార్థికి పరీక్ష పెట్టి పట్టం ఇచ్చింది ఎవరు? సాధారణంగా మనం మొదటి రెండు ప్రశ్నలకు వచ్చే జవాబులను బట్టి కళాశాలలను వర్గీకరిస్తాం. ఈ వ్యాసం నాలుగో ప్రశ్నను ముందుకు తెస్తుంది.

2. కళాశాల: మాట, భావన

‘కాలేజి’ అనే మాటకు మూలం లాటిన్‌లోని ‘కొలీజియం’. ఒక పని కోసం ఒక కట్టుబాటుకు లోబడి కలిసిన జనసమూహమని దాని అర్థం. భవనంతో గాని, తరగతితో గాని ఆ మాటకు మొదట సంబంధం లేదు. మధ్యయుగపు ఐరోపాలో పేద విద్యార్థులకు బస, భోజనం కల్పించే ధర్మసంస్థలుగా కళాశాలలు మొదలయ్యాయి. పారిస్‌లో రొబేర్ ద సోర్బాన్ 1257లో స్థాపించిన కళాశాల, ఆక్స్‌ఫర్డ్‌లో 1264 నాటి మెర్టన్ కళాశాల ఈ కోవకు చెందినవి. పట్టాలిచ్చే అధికారం విశ్వవిద్యాలయానిది. విద్యార్థిని ఆదుకుని చదివించే బాధ్యత కళాశాలది.

సరిగ్గా ఆ కాలంలోనే తెలుగునేల మీద ఇటువంటి ధర్మసంస్థ ఒకటి కనిపిస్తుంది. కాకతీయుల కాలపు మల్కాపురం శాసనం క్రీ.శ. 1261 నాటిది. గోళకీమఠానికి చెందిన విశ్వేశ్వర శివాచార్యులకు గణపతిదేవుడు, రుద్రమదేవి ఇచ్చిన గ్రామాల ఆదాయంతో మఠం, విద్యాస్థానం, అన్నసత్రం, ప్రసూతిశాల, ఆరోగ్యశాల నడిపిన వైనం అందులో ఉంది. వేదాలు, తర్కం, వ్యాకరణం, సాహిత్యం, ఆగమం బోధించే అధ్యాపకులకు కేటాయింపులు ఉన్నాయి. మెర్టన్‌కూ మల్కాపురానికీ మధ్య వ్యవధి మూడేళ్ళే. దాత ఇచ్చిన భూమి, దాని ఆదాయంపై బతికే గురుశిష్యులు అన్న ఏర్పాటు రెంటిలోనూ సమానమే. తేడా ఒకటుంది. మల్కాపురంలో చదివినవాడి పాండిత్యాన్ని ధ్రువీకరించడానికి వేరే సంస్థ అవసరం లేదు. గురువు ఆమోదం, పండితసభలో నెగ్గడం చాలు. బోధించేవాడూ పరీక్షించేవాడూ ఒకే పరంపరకు చెందినవారు.

ఆధునిక కాలంలో ‘కళాశాల’ అనే సంస్కృత సమాసం ‘కాలేజి’కి సమానార్థకంగా స్థిరపడింది. మాట మనదే అయినా, ఆ మాట సూచించే వ్యవస్థ 19వ శతాబ్దంలో వేరే మార్గాన వచ్చింది.

3. కొలువు కోసం కళాశాల: చెన్నపట్టణం, 1812

దక్షిణాదిన ‘కాలేజి’ అనే పేరు పొందిన తొలి ప్రముఖ సంస్థ ఫోర్ట్ సెయింట్ జార్జ్ కళాశాల. ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ చొరవతో 1812లో మద్రాసులో ఏర్పడిన ఈ కళాశాల మన పిల్లల కోసం పుట్టింది కాదు. ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరిన ఇంగ్లీషు యువకులకు దక్షిణాది భాషలు నేర్పడానికి పుట్టింది. ఇక్కడ పరీక్షకు కూర్చున్నది దొరలు, పరీక్ష తెలుగులో. వారికి పాఠం చెప్పింది వేదం పట్టాభిరామశాస్త్రి, రావిపాటి గురుమూర్తిశాస్త్రి వంటి పండితులు.

ఆ పరీక్ష అవసరమే వ్యాకరణాలను, వచన పాఠ్యాలను పుట్టించింది. ఎ. డి. క్యాంబెల్ తెలుగు వ్యాకరణం 1816లో వెలువడింది. దక్షిణాది భాషలది సంస్కృతజన్యం కాని ప్రత్యేక కుటుంబమని ఎల్లిస్ ప్రతిపాదించినది ఆ గ్రంథానికి చేర్చిన ఉపోద్ఘాతంలోనే. 1817లో మద్రాసు చేరిన సి. పి. బ్రౌన్ తెలుగు అభ్యాసం మొదలుపెట్టింది ఈ కళాశాల నీడలోనే. కళాశాల 1854లో మూతపడింది. అంతవరకూ ఉద్యోగానికి తెలుగు పరీక్ష అవసరమైన ఇంగ్లీషువాడు ఉండగా, ఆ తరువాత ఉద్యోగానికి ఇంగ్లీషు పరీక్ష అవసరమైన తెలుగువాడు ముందుకు వచ్చాడు.

4. బోధన ఒకచోట, పరీక్ష మరొకచోట: 1857

1854 నాటి ఉడ్ విద్యాపత్రం రెండు ఏర్పాట్లకు పునాది వేసింది. మొదటిది గ్రాంట్ ఇన్ ఎయిడ్. ప్రైవేటు వ్యక్తులు గాని, మత సంస్థలు గాని నడిపే విద్యాలయాలకు తనిఖీ షరతుపై ప్రభుత్వం కొంత సొమ్ము ఇవ్వడం దీని సారాంశం. నేటి ‘ఎయిడెడ్’ అనే మాటకు ఇదే మూలం. రెండోది, లండన్ విశ్వవిద్యాలయ పద్ధతిలో విశ్వవిద్యాలయాలు నెలకొల్పడం. దాని ఫలితంగా కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు 1857లో ఏర్పడ్డాయి.

ఈ విశ్వవిద్యాలయాలు తొలిదశలో బోధించలేదు. పాఠ్యప్రణాళిక నిర్ణయించడం, పరీక్షించడం, పట్టాలివ్వడం మాత్రమే వాటి పని. బోధన అంతా కళాశాలలది. ఇదే అనుబంధ విధానం. మద్రాసు రాజధానిలోని కళాశాలలన్నీ ఒకే ప్రశ్నపత్రానికి విద్యార్థులను సిద్ధం చేయసాగాయి. ఎఫ్.ఏ. వరకు చెప్పేది ద్వితీయ శ్రేణి కళాశాల, బి.ఏ. వరకు చెప్పేది ప్రథమ శ్రేణి కళాశాల. అంటే ఆనాటి వర్గీకరణకే ఆధారం పరీక్ష. 1904 నాటి భారత విశ్వవిద్యాలయాల చట్టం అనుబంధ నిబంధనలనూ తనిఖీలనూ మరింత బిగించింది. తెలుగు జిల్లాల్లో ఈ చట్రంలోకి వచ్చిన కళాశాలలు మూడు తెగలు.

4.1 ప్రభుత్వ కళాశాలలు: రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాల 1853లో పాఠశాలగా మొదలై, 1870ల దశకంలో కళాశాలగా ఎదిగింది. ఉద్యోగులను, వకీళ్ళను, ఉపాధ్యాయులను తయారుచేయడం దాని ప్రధాన ప్రయోజనం. కందుకూరి వీరేశలింగం అక్కడ తెలుగు పండితుడిగా పనిచేశారు. కళాశాలలో ఇంగ్లీషు, గణితం చెప్పే ఆచార్యుడికీ తెలుగు పండితుడికీ మధ్య హోదాలోనూ జీతంలోనూ ఉన్న అంతరం ఆ వ్యవస్థ తెలుగుకు ఇచ్చిన విలువను తెలుపుతుంది. 1916లో అనంతపురంలో ఏర్పడిన దత్తమండల కళాశాల కూడా ఈ తెగకు చెందినదే.

4.2 మిషనరీ కళాశాలలు: చర్చి మిషనరీ సొసైటీకి చెందిన రాబర్ట్ నోబుల్ 1843లో మచిలీపట్నంలో స్థాపించిన ఇంగ్లీషు పాఠశాల నోబుల్ కళాశాలగా పెరిగింది. గుంటూరులో లూథరన్ మిషన్ 1885లో స్థాపించిన విద్యాసంస్థ ఆంధ్ర క్రైస్తవ కళాశాలగా ప్రసిద్ధికెక్కింది. స్థాపకుల లక్ష్యం మతప్రచారం. విద్యార్థుల లక్ష్యం విశ్వవిద్యాలయ పట్టం. బైబిలు పాఠం ఉన్నా, పరీక్ష మాత్రం మద్రాసుదే.

4.3 సంస్థాన కళాశాలలు: జమీందారుల దాతృత్వంతో వెలసినవి ఇవి. విజయనగరంలో 1857 నాటి పాఠశాల 1879లో మహారాజా కళాశాలగా మారింది. కాకినాడలో పిఠాపురం రాజావారి కళాశాల 1884 నుంచి నడిచింది. రఘుపతి వేంకటరత్నం నాయుడు అధ్యక్షత్వంలో అది సంఘసంస్కరణకు కేంద్రమైంది. విశాఖపట్నంలో 1860లో మొదలైన విద్యాలయం అంకితం వెంకట నరసింగరావు కుటుంబం ఇచ్చిన విరాళంతో మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాలగా పేరుపొందింది. సి. వి. రామన్ తండ్రి అక్కడ బోధించారు. రామన్ అక్కడ చదువుకున్నారు.

వ్యావహారిక భాషోద్యమంలో సంస్థాన కళాశాలల పాత్ర ప్రత్యేకించి గమనించదగినది. గురజాడ అప్పారావు మహారాజా కళాశాలలో చదివి, అక్కడే అధ్యాపకులయ్యారు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడి రాజావారి విద్యాసంస్థలో పనిచేశారు. వారికి తోడు నిలిచిన పి. టి. శ్రీనివాస అయ్యంగారు విశాఖపట్నం ఏ.వి.ఎన్. కళాశాల అధ్యక్షులు. ఆ వివాదం కేవలం కావ్యభాష గురించి కాదు. మద్రాసు విశ్వవిద్యాలయ పరీక్షలో విద్యార్థి రాసే వ్యాసం ఏ తెలుగులో ఉండాలన్నది దాని కీలకాంశం. గురజాడ 1914లో విశ్వవిద్యాలయానికి సమర్పించిన అసమ్మతి పత్రాన్ని ఈ వెలుగులో చదవాలి. తరగతిలో ఎలా బోధించాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ కొంతవరకు అధ్యాపకుడికి ఉంది. జవాబుపత్రాన్ని ఎలా దిద్దాలో నిర్ణయించే అధికారం మాత్రం అతడికి లేదు. సంస్థానాధీశుల ఆదరణ ఉన్నా ఆ అధికారం చేతికి రాలేదు. అందుకే పోరాటం పరీక్షాసంఘం దాకా వెళ్ళింది.

5. ప్రాచ్య కళాశాలలు

మద్రాసు పరీక్షల వెలుపల మరొక విద్య నడుస్తూనే ఉంది. విజయనగరం సంస్కృత కళాశాల 1860 నాటిది. తిరుపతిలో 1884 నాటి సంస్కృత పాఠశాల నుంచి శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య కళాశాల ఎదిగింది. కొవ్వూరులో ఆంధ్రగీర్వాణ విద్యాపీఠం, రాజమహేంద్రవరంలో గౌతమీ విద్యాపీఠం ఈ తెగవే. విజయనగరంలోనే 1919లో ఏర్పడిన విజయరామ గానపాఠశాలను కూడా ఇక్కడ చేర్చవచ్చు. ఆదిభట్ల నారాయణదాసు, ద్వారం వేంకటస్వామినాయుడు దానికి అధ్యక్షులుగా ఉన్నారు. ఘంటసాల అక్కడ సంగీతం నేర్చుకున్నారు.

ఈ సంస్థలు మొదట గురుకుల పద్ధతికి దగ్గరగా నడిచాయి. క్రమంగా విశ్వవిద్యాలయాలు ప్రాచ్య విద్యలకు వేరే పరీక్షలు ఏర్పాటుచేశాయి. మద్రాసు విశ్వవిద్యాలయం ‘విద్వాన్’, ఆంధ్ర విశ్వవిద్యాలయం ‘ఉభయభాషాప్రవీణ’, ‘భాషాప్రవీణ’ పట్టాలు ఇచ్చాయి. ఉభయభాషాప్రవీణ అంటే సంస్కృతాంధ్రాలు రెంటిలోనూ కావ్య, వ్యాకరణ, అలంకార శాస్త్రాలు చదివినవాడని అర్థం. ఉన్నత పాఠశాలల్లో తెలుగు పండితులుగా ఒకటి రెండు తరాలవారు ఈ పట్టాతోనే నిలబడ్డారు.

పట్టా దొరికింది గాని సమానత దొరకలేదు. ఇంగ్లీషు చదువుతో వచ్చే బి.ఏ.కు అన్ని ఉద్యోగాలూ తెరిచి ఉన్నాయి. ప్రాచ్య పట్టాకు పండిత ఉద్యోగం ఒక్కటే. పండితుల వేతనశ్రేణి గురించి దశాబ్దాల పాటు నడిచిన ఆందోళనల మూలం ఇక్కడే ఉంది. తరువాత ఈ కోర్సులను బి.ఏ. భాషల డిగ్రీగా మార్చి సాధారణ డిగ్రీతో సమానం చేసే ప్రయత్నాలు జరిగాయి. సమానత కోసం పాఠ్యప్రణాళిక సాధారణ డిగ్రీ పద్ధతికి దగ్గరవుతున్నకొద్దీ, వేరే కళాశాలగా ఉండవలసిన కారణం పలచబడింది. నేటికి చాలా ప్రాచ్య కళాశాలలు మూతపడ్డాయి, మిగిలినవి విద్యార్థుల కొరతతో నడుస్తున్నాయి. బాలవ్యాకరణాన్ని సూత్రం సూత్రంగా పాఠం చెప్పగల అధ్యాపకులు అరుదైపోవడానికి ఈ పరిణామం ఒక కారణం.

6. పరీక్షను కాదన్న కళాశాలలు

వందేమాతరం ఉద్యమ నేపథ్యంలో 1910లో మచిలీపట్నంలో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసింది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య దాని నిర్మాతలు. ప్రభుత్వ గుర్తింపును కోరకుండా, చేతివృత్తులు, చిత్రకళ, సాహిత్యం, శాస్త్రం కలగలిపిన విద్యను అది సంకల్పించింది. వంగదేశం నుంచి వచ్చిన ప్రమోదకుమార చటోపాధ్యాయ అక్కడ చిత్రకళ నేర్పారు. ఆయన శిష్యుడైన అడివి బాపిరాజు తరువాత ఆ కళాశాలకు అధ్యక్షులయ్యారు. విశ్వనాథ సత్యనారాయణ అక్కడ అధ్యాపకులుగా ఉన్నారు.

మదనపల్లెలో 1915లో ఏర్పడిన దివ్యజ్ఞాన కళాశాల కథ ఇంకొక తీరు. అది మొదట మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉంది. హోంరూల్ ఉద్యమ సందర్భంలో ఆ అనుబంధం తెగింది. కొంతకాలం అనీబిసెంట్ వర్గం నెలకొల్పిన జాతీయ విశ్వవిద్యాలయ పరిధిలో నడిచింది. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడ బసచేసి ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి అనువదించారు. తరువాత కళాశాల తిరిగి మద్రాసు విశ్వవిద్యాలయ పరిధిలోకే వచ్చింది. మచిలీపట్నం జాతీయ కళాశాల కూడా కాలక్రమంలో విశ్వవిద్యాలయ అనుబంధ డిగ్రీ కళాశాలగా మారింది.

ఆదర్శం లేక కాదు, అధ్యాపకులు లేక కాదు. విద్యార్థి చేతికి వచ్చే పట్టాకు బయట విలువ లేకపోవడమే ఈ ప్రయోగాలకు అడ్డుగా నిలిచింది. చదువుకు దేశీయ రూపం ఇవ్వాలన్న ప్రయత్నం ఎక్కడ ఆగిందో ఈ రెండు సంస్థలూ స్పష్టంగా చూపుతాయి.

7. ఒకే నగరం, రెండు పరీక్షలు: హైదరాబాదు

నిజాం రాజ్యంలోని అనుభవం ఈ వాదానికి మరింత బలమిస్తుంది. 1887లో ఏర్పడిన నిజాం కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధం. కాబట్టి అక్కడ బోధన ఇంగ్లీషులో. 1917 ఫర్మానాతో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం సొంత పరీక్షలు పెట్టుకుంది. కాబట్టి అక్కడ బోధన ఉర్దూలో. ఇంగ్లీషు తప్పనిసరి భాష. అందుకోసం అనువాద శాఖను స్థాపించి శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు. ప్రభువు ఒకరే, నగరం ఒకటే. పరీక్షాధికారం మారగానే బోధనాభాష మారింది. దేశభాషలో ఉన్నతవిద్య సాధ్యమని ఉస్మానియా నిరూపించింది. కాని రాజ్యంలో అత్యధికులు మాట్లాడే తెలుగుకు ఆ గౌరవం దక్కలేదు. తెలుగు శాఖకు రాయప్రోలు సుబ్బారావు తొలి ఆచార్యులైనా, తెలుగు ఒక పాఠ్యాంశం మాత్రమే.

ఈ లోటును ప్రజలు తమకు తోచిన మార్గంలో పూరించుకున్నారు. 1943లో ఏర్పడిన ఆంధ్ర సారస్వత పరిషత్తు ప్రాథమిక, ప్రవేశ, విశారద పరీక్షలు నిర్వహించి తెలంగాణ గ్రామాల్లో తెలుగు చదువుకు ఊపు తెచ్చింది. కళాశాలను అడగకుండా ముందు పరీక్షను సృష్టించుకోవడం ఇందులోని విశేషం. ఆ పునాది మీద పరిషత్తు ప్రాచ్య కళాశాల తరువాత ఏర్పడింది. 1948 తరువాత ఉస్మానియాలో ఉర్దూ స్థానాన్ని ఇంగ్లీషు ఆక్రమించింది.

మహిళా కళాశాలల విషయం ఇక్కడే ప్రస్తావించాలి. మద్రాసులో క్వీన్ మేరీ కళాశాల 1914లో, హైదరాబాదులో మహిళా కళాశాల 1924లో మొదలయ్యాయి. హైదరాబాదు కళాశాల 1949లో కోఠీలోని పూర్వపు బ్రిటిషు రెసిడెన్సీ భవనానికి మారి, కోఠీ మహిళా కళాశాలగా పేరుపొందింది. స్త్రీలకు వేరే విద్య కావాలా, పురుషులతో సమానమైన విద్య కావాలా అన్న చర్చ ఆ కాలంలో సాగింది. మహిళా కళాశాలలు సాధారణ విశ్వవిద్యాలయ పరీక్షలనే ఎంచుకోవడంతో ఆ చర్చకు ఆచరణలో జవాబు దొరికింది. పరీక్ష సమానం కావడం ఇక్కడ ఒక హక్కుగా పనిచేసింది.

8. ఊరి కళాశాలలు, ఎయిడెడ్ వ్యవస్థ

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. కట్టమంచి రామలింగారెడ్డి తొలి ఉపాధ్యక్షులు. పరీక్షాధికారం తెలుగుగడ్డకు రావడంతో కళాశాల స్థాపన కొంత సులభమైంది. జమీందారు స్థానంలో ఊరి పెద్దలు, రైతులు, వర్తకులు కలిసిన సంఘాలు ముందుకొచ్చాయి. విజయవాడలో 1937లో ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కళాశాల, 1945లో ఏలూరులో సర్ సి. ఆర్. రెడ్డి కళాశాల, అదే ఏడాది భీమవరంలో నేటి డి.ఎన్.ఆర్. కళాశాల ఇలా వచ్చాయి. గుడివాడ కళాశాలకు దాత అయిన సినీనటుడు అక్కినేని నాగేశ్వరరావు పేరు నిలిచింది. కృష్ణా, గోదావరి డెల్టాల వ్యవసాయ సంపద డిగ్రీ చదువుగా మారిన తీరు ఈ కళాశాలల పేర్లలోనే చదవవచ్చు.

వీటిలో అధ్యాపకుల జీతాలను ప్రభుత్వం గ్రాంటుగా భరించడంతో ఎయిడెడ్ వ్యవస్థ బలపడింది. 1956 యూజీసీ చట్టంలోని 2(ఎఫ్), 12(బి) గుర్తింపుల ద్వారా కేంద్ర నిధులూ అందాయి. ఖాళీలు భర్తీకాక, గ్రాంటు క్రమంగా కుంచించుకుపోయింది. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఎయిడెడ్ సిబ్బందిని ప్రభుత్వ సంస్థల్లోకి తీసుకునే ప్రక్రియ మొదలైనప్పుడు, ఊరివారు కట్టుకున్న కళాశాల ఎవరిదన్న ప్రశ్న మళ్ళీ తలెత్తింది.

9. జూనియర్ కళాశాల: విడిపోయిన రెండేళ్ళు

ఎఫ్.ఏ. చదువు 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఇంటర్మీడియట్‌గా మారింది. 1950ల చివర ఒక ఏడాది పి.యు.సి., మూడేళ్ళ డిగ్రీ వచ్చాయి. 1969–70లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రెండేళ్ళ ఇంటర్మీడియట్‌ను ప్రవేశపెట్టి, జూనియర్ కళాశాలలను నెలకొల్పింది. 1971లో ఇంటర్మీడియట్ విద్యామండలి ఏర్పడింది. పలు రాష్ట్రాల్లో 11, 12 తరగతులు పాఠశాలలో భాగం. మన దగ్గర అవి పాఠశాలకూ చెందక, డిగ్రీ కళాశాలకూ చెందక విడిగా నిలిచాయి. ఈ ప్రత్యేకతకు కారణం కూడా వేరే పరీక్షాసంస్థ ఏర్పడటమే.

ఇదే కాలంలో తెలుగుకు ఒక గొప్ప అవకాశం వచ్చింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఇంటర్మీడియట్, డిగ్రీ స్థాయిల పాఠ్యగ్రంథాలను తెలుగులో వెలువరించింది. చరిత్ర, అర్థశాస్త్రం, జీవశాస్త్రం తెలుగులో చదివి పరీక్ష రాసిన తరాలు వచ్చాయి. గ్రామీణ ప్రాంతాల నుంచి, తొలితరం చదువరుల కుటుంబాల నుంచి వచ్చిన నేటి అధ్యాపకుల్లో అనేకులు ఆ పుస్తకాల ఫలం.

ఆ తరువాత ప్రవేశపరీక్ష వచ్చింది. ఇంజనీరింగ్, వైద్య కోర్సులకు 1986 నుంచి ఎంసెట్ నిర్వహించడంతో జూనియర్ కళాశాల స్వభావం మారింది. విద్యార్థి చదివేది మండలి పాఠ్యప్రణాళిక. కళాశాల గురిపెట్టేది ప్రవేశపరీక్ష ర్యాంకు. కార్పొరేట్ జూనియర్ కళాశాల అనే కొత్త రకం ఇందులోంచే పుట్టింది. ప్రవేశపరీక్షలో లేని భాషలకు కాలపట్టికలో చోటు తగ్గింది. ద్వితీయభాషగా తెలుగును వదిలి, మార్కులు సులభంగా వస్తాయన్న కారణంతో సంస్కృతాన్ని ఎంచుకోవడం ప్రైవేటు కళాశాలల్లో సాధారణమైంది. ఇది సంస్కృతాభిమానం కాదు, తెలుగుపై ద్వేషమూ కాదు. పరీక్ష లెక్క మాత్రమే. ఈ పరిణామం డిగ్రీలో తెలుగు తీసుకునేవారి సంఖ్యపై, అక్కడి నుంచి ఎం.ఏ. తెలుగుపై, చివరకు పరిశోధనపై ప్రభావం చూపుతుంది.

10. వృత్తివిద్యా, గురుకుల, స్వయంప్రతిపత్తి కళాశాలలు

వృత్తివిద్యలో మొదట ప్రభుత్వ సంస్థలే ముఖ్యం. విశాఖలో 1923లో వైద్య కళాశాల, బాపట్లలో 1945లో వ్యవసాయ కళాశాల, వరంగల్లులో 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల ఏర్పడ్డాయి. 1980ల నుంచి ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలు పెరగడంతో సీట్ల అమ్మకం సమస్యగా మారింది. 1983లో ఆంధ్రప్రదేశ్ కేపిటేషన్ రుసుమును నిషేధిస్తూ చట్టం చేసింది. 1993లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చిన ఉన్నికృష్ణన్ కేసులో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. ఉచిత సీటు, చెల్లింపు సీటు అనే విభజనకు ఆ తీర్పు మార్గం చూపింది, 2002లో టి.ఎం.ఏ. పాయ్ కేసు తీర్పు ఆ విధానాన్ని మార్చింది.

గురుకుల డిగ్రీ కళాశాలలు మరొక ఆలోచన నుంచి వచ్చాయి. నాగార్జునసాగర్‌లో నెలకొల్పిన గురుకుల డిగ్రీ కళాశాల ప్రతిభ ఉన్న పేద విద్యార్థికి బస, భోజనం, చదువు ఒకేచోట కల్పించింది. తెలంగాణలో 2016 నుంచి సాంఘిక సంక్షేమ శాఖ పరిధిలో మహిళా గురుకుల డిగ్రీ కళాశాలలు నడుస్తున్నాయి. మల్కాపురం, మెర్టన్‌ల తొలి భావనకు వీటిలో కొత్త రూపం కనిపిస్తుంది. దాత స్థానంలో ఇప్పుడు రాజ్యాంగబద్ధమైన బాధ్యత ఉంది.

స్వయంప్రతిపత్తి కళాశాల అన్నిటికన్నా కొత్త తెగ. 1964–66 నాటి కొఠారి కమిషన్ సిఫారసుల ఆధారంగా, 1978లో మద్రాసు విశ్వవిద్యాలయ పరిధిలో తొలి కళాశాలలకు ఈ హోదా లభించింది. తెలుగు రాష్ట్రాల్లో ఆంధ్ర లయోలా, రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాల వంటివి తరువాత దీన్ని పొందాయి. ఇందులో పట్టా విశ్వవిద్యాలయానిదే. పాఠ్యప్రణాళిక, ప్రశ్నపత్రం, మూల్యాంకనం కళాశాలవి. 1857లో అధ్యాపకుడి చేతిలోంచి వెళ్ళిపోయిన పరీక్ష చాలావరకు తిరిగి వచ్చిన రూపం ఇదొక్కటే.

ఆ అధికారాన్ని తెలుగు శాఖలు ఎంతవరకు వాడుకుంటున్నాయన్నది ఆలోచించవలసిన విషయం. పాఠ్యప్రణాళికా సంఘం సమావేశంలో విశ్వవిద్యాలయ పాఠ్యాంశాలనే చిన్న మార్పులతో ఆమోదించుకోవడం సులభమైన పద్ధతి. కాని స్థానిక శాసనాలు, మాండలికం, జానపద సాహిత్యం, అనువాదం, పత్రికా రచన పాఠ్యాంశాలుగా పెట్టి, కంఠస్థం కాక క్షేత్రసేకరణను పరీక్షగా నిర్ణయించడానికి అక్కడ నిబంధనల అడ్డు తక్కువ. గురజాడ, గిడుగులు పరీక్షాసంఘాన్ని ఒప్పించడానికి శ్రమించవలసి వచ్చింది. స్వయంప్రతిపత్తి కళాశాలలో ఆ సంఘం తెలుగు శాఖే.

11. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. తెలుగునాట కళాశాలలు కొలువు, మతప్రచారం, సంస్థానాధీశుల దాతృత్వం, శాస్త్రరక్షణ, జాతీయోద్యమం, ఊరి చైతన్యం, విపణి, సంక్షేమం అనే భిన్న కారణాల నుంచి పుట్టాయి.

2. మూలాలు భిన్నమైనా, ఒకే విశ్వవిద్యాలయ పరీక్షకు అనుబంధమైన కళాశాలలు కాలక్రమంలో ఒకేలా తయారయ్యాయి. వేరే పరీక్ష ఉన్న ప్రాచ్య కళాశాలలు భిన్నంగా నిలిచినా విలువలో వెనుకబడ్డాయి. పరీక్షను కాదన్న జాతీయ విద్యాసంస్థలు చివరకు అనుబంధ వ్యవస్థలోనే చేరాయి.

3. పరీక్షాధికారం మారినప్పుడు బోధనాభాష మారుతుందని ఫోర్ట్ సెయింట్ జార్జ్, ఉస్మానియా ఉదాహరణలు చూపుతున్నాయి. పరీక్ష సమానమైతే అది హక్కుగా పనిచేస్తుందని మహిళా కళాశాలలు చూపుతున్నాయి.

4. తెలుగు చదువు క్షీణతను భాషాభిమానం తగ్గడంగా మాత్రమే వివరించడం చాలదు. ప్రవేశపరీక్షల్లోనూ, ద్వితీయభాష మార్కుల లెక్కలోనూ దాని మూలాలున్నాయి.

సాహిత్య చరిత్రను పరిశోధించేవారు ఒక రచయిత పనిచేసిన కళాశాల పేరుతో పాటు దాని రకాన్ని, అది ఏ పరీక్షకు లోబడి ఉందో నమోదు చేస్తే, ఆ రచయిత భాషపై, పాఠ్యరచనపై, వాదవివాదాలపై కొత్త వివరణలు లభిస్తాయి. ఒక్కొక్క కళాశాల వార్షిక సంచికలు, పాత ప్రశ్నపత్రాలు, పాఠ్యప్రణాళికా సంఘాల నివేదికలు ఇందుకు ముఖ్యమైన ఆకరాలు. మూతపడుతున్న ప్రాచ్య, ఎయిడెడ్ కళాశాలల గ్రంథాలయాలతో పాటే ఈ ఆకరాలూ చెదిరిపోతున్నాయి కనుక, వాటి సేకరణ ఆలస్యం చేయదగిన పని కాదు.